ఐదో అంకం ఎత్తేయకండి, ఉంగరాల లెక్క అక్కడే తేలుతుంది

మీ ప్రశ్న చదివాను. కాలేజీ నాటక బృందంతో షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్'ను తెలుగులో వేయబోతున్నారు. బృందంలో సగంమంది షైలాక్‌ని పచ్చి విలన్‌గా చూపిద్దామంటే, మిగతా సగం అసలు హీరో అతనే అంటున్నారు. ప్రేమలూ పెళ్ళిళ్ళూ ఉన్నాయి కాబట్టి దీన్ని కామెడీ అనాలా, ఒక మతంవాణ్ణి అందరూ కలిసి తొక్కేసిన కథ అనాలా అన్నది రెండో సందేహం. కోర్టు సీనుతో కథ అయిపోయినట్టే కదా, ఐదో అంకం తీసేస్తే గంటన్నరలో దించేయొచ్చు కదా అన్నది మూడోది.

మూడోదానికే ముందు జవాబు చెబుతాను. తీసేయకండి. నేను తీసేసి నాలిక కరుచుకున్నవాణ్ణి.

ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పాను, ఈ నాటకాన్ని మూడుసార్లు స్టేజి ఎక్కించాను. మొదటిసారి వార్షికోత్సవంలో మాకిచ్చింది నలభై నిమిషాలు. కోర్టు సీను ఒక్కటే వేశాం. షైలాక్ వేసిన కుర్రాడు తలవంచుకుని వెళ్ళిపోయాడు, బసానియో లాయరుగారికి ఉంగరం ఇచ్చేశాడు, తెర పడింది, చప్పట్లు మోగాయి. సామాన్లు సర్దుతుంటే మైకుసెట్టు అతను వైర్లు చుట్టుకుంటూ వచ్చి, "సార్, ఆ ఉంగరం పెళ్ళాం ఇచ్చిందన్నాడు కదా. ఎవరికో ఇచ్చేసి ఇంటికెళ్తే ఆవిడ ఊరుకుందా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఎమ్మే చదివిన నేను ఏ ముక్క అక్కర్లేదని కత్తిరించానో, ఆయనకు కావలసింది సరిగ్గా ఆ ముక్కే.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. వెనిస్‌లో బసానియో అనే కుర్రాడు అప్పుల్లో మునిగి ఉన్నాడు. బెల్మాంట్‌లో పోర్షియా అనే ఆస్తిపరురాల్ని పెళ్ళాడితే గట్టెక్కుతాడు. అక్కడికి దర్జాగా వెళ్ళడానికి డబ్బు కావాలి. స్నేహితుడు ఆంటోనియో పెద్ద వర్తకుడు, కానీ సొమ్మంతా సముద్రం మీద ఓడల్లో ఉంది. అందుకని ఆంటోనియో హామీ మీద యూదుడైన షైలాక్ దగ్గర 3,000 డకట్లు (బంగారు నాణేలు) మూడు నెలల గడువుకి తీసుకుంటారు. వడ్డీ లేదు, గడువు దాటితే మాత్రం ఆంటోనియో ఒంట్లోంచి ఒక పౌను మాంసం. ఓడలు మునిగాయన్న కబురొస్తుంది, గడువు దాటుతుంది, షైలాక్ కోర్టుకెక్కుతాడు. ఈలోపు షైలాక్ కూతురు జెస్సికా క్రైస్తవుడైన లొరెంజోతో లేచిపోతుంది. పెళ్ళయిన పోర్షియా మగవేషంలో లాయరుగా వచ్చి, మాంసం కోసుకో గానీ రక్తం చుక్క పడకూడదని ఇరికిస్తుంది. మన మర్యాద రామన్న తీర్పుల తరహా కిటుకు అది. ప్రేక్షకులకు భలేగా ఉంటుంది, న్యాయశాస్త్రానికి మాత్రం నిలవదు. పైగా తీర్పు చెప్పే మనిషి బాకీదారుడి స్నేహితుడికి భార్య!

ఇప్పుడు ప్రేమ సంగతి. బసానియో తొలిసారి పోర్షియా గురించి ఆంటోనియోకి చెప్పేటప్పుడు మాటల వరుస చూడండి. ఆమెకు బోలెడు ఆస్తి వచ్చింది అన్నది మొదట. అందగత్తె అన్నది తర్వాత. గుణవంతురాలు అన్నది ఆ తర్వాత. షేక్‌స్పియర్ ఈ వరుసను ఊరికే పెట్టలేదు. అలాగని బసానియోని ఉత్త డబ్బు మనిషి అనేయకండి. పోర్షియాకి అతనంటే నిజంగా ఇష్టం, పెళ్ళికొడుకుని తేల్చే పరీక్షలో పెట్టె తెరిచే ముందు ఒకటి రెండు రోజులు ఆగమని బతిమాలుతుంది. అతనికీ ఇష్టమే. కాకపోతే ఈ నాటకంలో ఏ ఇష్టమూ డబ్బు ముట్టని చేత్తో రాదు.

పెట్టెల ఘట్టాన్ని మనవాళ్ళు స్వయంవరం అనేస్తారు. స్వయంవరంలో పూలదండ అమ్మాయి చేతిలో ఉంటుంది. ఇక్కడ చచ్చిపోయిన తండ్రి వీలునామా ఆ దండని లాగేసుకుంది. బంగారం, వెండి, సీసం, మూడు పెట్టెలు. ఒకదానిలో పోర్షియా బొమ్మ ఉంది, అది తెరిచినవాడు మొగుడు. తప్పు పెట్టె తెరిచినవాడు ఏది తెరిచాడో ఎవరికీ చెప్పకూడదు, జన్మలో ఇంకెవర్నీ పెళ్ళాడనని ముందే ప్రమాణం చేయాలి. బంగారప్పెట్టెలో పుర్రె, వెండిపెట్టెలో వెర్రిబాగులవాడి బొమ్మ. సీసప్పెట్టె మీద రాసి ఉంటుంది: నన్ను ఎంచుకునేవాడు తనకున్నదంతా ఇచ్చి, పణంగా ఒడ్డాలి అని. బసానియో దాన్నే ఎంచుకుంటాడు, పైమెరుగులు చూసి మోసపోకూడదని పెద్ద ఉపన్యాసం కూడా ఇస్తాడు. ఒంటి మీద ఉన్నది అప్పు తెచ్చిన సొమ్ముతో కుట్టించిన బట్టలు. పణంగా ఒడ్డింది తనకున్నది కాదు, ఆంటోనియో మాంసం. మీ బసానియోకి ఈ సంగతి రిహార్సల్‌లో చెప్పండి, స్టేజి మీద మాత్రం తెలియనట్టే ఉండమనండి. తెలిసినట్టు నటిస్తే చెడిపోతుంది.

అనువాదం చేసేవాళ్ళకి ఒక చిన్న చిట్కా. బసానియో పెట్టెల ముందు నిలబడి ఆలోచిస్తుంటే పోర్షియా మనుషులు పాట పాడతారు. ఇంగ్లీషులో ఆ పాట మొదటి మూడు పాదాలూ సీసం అనే మాటకు, అంటే 'లెడ్'కి అంత్యప్రాసతో ముగుస్తాయి. తండ్రి షరతు మీరకుండానే కూతురు ప్రాసలో జవాబు అందించిందని కొందరు వాదిస్తారు, అలాంటిదేమీ లేదని మరికొందరు. నాటకం వేసేవాడికి ఆ వాదం అక్కర్లేదు, ఆట ఆడుకోవచ్చు. మేం పాదాల చివర 'మోసం', 'వేసం', 'మీసం' పెట్టాం. మూడోది వినగానే ముందు వరుసలో తెలుగు పండితులు ఒకరు ఫక్కున నవ్వారు, "సీసం!" అని పైకే అనేశారు. ఆ నవ్వు హాలంతా పాకింది.

మతద్వేషం అనగానే అందరూ వెనిస్ వీధులకీ కోర్టుకీ పరిగెడతారు. పోర్షియా ఇంటి హాల్లో కూడా అది ఉంది. మొదటి అంకం రెండో రంగంలోనే ఆమె చెలికత్తె నెరిస్సాతో కలిసి, వచ్చిన పెళ్ళికొడుకుల్ని దేశం పేరు పెట్టి వెక్కిరిస్తుంది. నేపుల్స్ వాడికి గుర్రాల పిచ్చి, జర్మనీ వాడు తాగుబోతు, ఇంగ్లీషువాడికి ఏ భాషా రాదు. అక్కడిదాకా నవ్వులాటే. తర్వాత నల్లని మొరాకో యువరాజు వస్తాడు. 'నా రంగు చూసి చీదరించుకోకు' అన్నది అతని మొదటి మాట. మర్యాదగా మాట్లాడతాడు, ఓడిపోతాడు, మర్యాదగా వెళ్ళిపోతాడు. అతను అటు తిరగగానే పోర్షియా అంటుంది: అతని రంగువాళ్ళంతా నన్ను ఇలాగే ఎంచుకుందురు గాక! ఇంత తెలివిగల పిల్ల, రేపు కోర్టులో దయ గురించి అంత గొప్పగా చెప్పబోయే పిల్ల నోటి నుంచి ఈ మాట. టైము కోసం మొరాకోని కత్తిరించే బృందాలు చాలా ఉన్నాయి. మీరు కత్తిరించకండి. నాలుగో అంకంలో పోర్షియా ఎవరో తెలియాలంటే రెండో అంకంలో ఈ మాట వినపడి ఉండాలి.

ఇక యూదుల విషయం. మీ పిల్లలకి కాస్త చరిత్ర చెప్పక తప్పదు, లేకపోతే షైలాక్ అంటే మన ఊరి వడ్డీవ్యాపారి అనుకుని నటిస్తారు. ఇంగ్లండు నుంచి యూదులందర్నీ 1290లో రాజు మొదటి ఎడ్వర్డ్ వెళ్ళగొట్టాడు. మళ్ళీ బహిరంగంగా ఉండనిచ్చింది 1656 తర్వాతే. షేక్‌స్పియర్ ఈ నాటకం రాసింది 1596-97 ప్రాంతంలో. అంటే లండన్ ప్రేక్షకుల్లో చాలామంది తాను యూదుణ్ణని చెప్పుకునే మనిషిని జన్మలో చూసి ఉండరు. వాళ్ళకి తెలిసిన యూదుడు కట్టుకథల్లోవాడు. దానికి తోడు 1594లో రాణి ఎలిజబెత్ వైద్యుడు, యూదు మూలాలున్న పోర్చుగీసువాడు రోడెరిగో లోపెజ్‌ని, రాణికి విషం పెట్టబోయాడన్న నేరం మోపి ఉరితీశారు. ఊరు ఊరంతా ఆ ముచ్చటే. క్రిస్టఫర్ మార్లో రాసిన 'జ్యూ ఆఫ్ మాల్టా' నాటకానికి అప్పుడు మళ్ళీ గిరాకీ వచ్చింది. ఆ వేడిలో షేక్‌స్పియర్ కలం పట్టాడు.

వెనిస్‌లో పరిస్థితి వేరు. అక్కడ యూదుల్ని ఉండనిచ్చారు, ఒక గిరి గీసి. 1516లో పాత లోహపు పోత కర్మాగారం ఉన్న దీవిలో వాళ్ళని పెట్టారు. ఇటాలియన్‌లో పోతకి వాడే మాట నుంచే ఆ చోటికి 'గెట్టో' అన్న పేరు వచ్చిందంటారు, తర్వాత ప్రపంచమంతా ఆ మాటే నిలిచింది. రాత్రిపూట గేట్లు మూసేవారు, కాపలావాళ్ళ జీతం మళ్ళీ యూదులే కట్టాలి. బయటికొస్తే గుర్తు తెలిసేలా రంగు టోపీ పెట్టుకోవాలి. భూములు కొనకూడదు, చేతివృత్తుల సంఘాల్లో చోటు లేదు. వడ్డీకి అప్పివ్వడం క్రైస్తవులకు పాపం, కానీ అప్పు లేకుండా ఊరు నడవదు. ఆ పని వీళ్ళకి వదిలేశారు, వదిలేసి అదే పని చేస్తున్నారని తిట్టారు. ఇంగ్లండులోనూ ఆ పాపపుణ్యాల లెక్క పుస్తకాల్లోనే ఉండేది. 1571 చట్టం నూటికి 10 దాకా వడ్డీని చూసీచూడనట్టు వదిలేసింది. షేక్‌స్పియర్ సొంత తండ్రి జాన్ మీదే 1570లో వడ్డీ కేసులు నడిచాయి. కాబట్టి ఆ హాల్లో కూర్చుని షైలాక్‌ని చూసి నవ్వినవాళ్ళలో ఇంటి దగ్గర ప్రామిసరీ నోట్లు దాచుకున్నవాళ్ళు తక్కువేం ఉండరు.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. షైలాక్‌ని తెలుగు చేస్తూ ఫలానా కులం షావుకారుగానో, ఫలానా రాష్ట్రం నుంచి వచ్చిన కుదువ వ్యాపారిగానో మార్చాలని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వద్దు. మనకి వడ్డీవ్యాపారిని తిట్టాలంటే 'షైలాక్' అనేయడం ఎలాగూ అలవాటే. వేషం కూడా మార్చేస్తే నాటకం పరీక్షించాల్సిన ద్వేషాన్ని మీరే ఇంకో మనిషి మీద కుమ్మరించినట్టవుతుంది. కోర్టు సీనులో పోర్షియా అతన్ని చాలాచోట్ల పేరుతో పిలవదు, 'యూదుడా' అంటుంది. అనువాదంలో ఆ పిలుపుని అలాగే ఉంచండి. చెవికి గుచ్చుకుంటుంది, గుచ్చుకోనివ్వండి.

విలనా, హీరోనా? మొత్తం ఇరవై రంగాల్లో షైలాక్ కనిపించేది ఐదింటిలోనే. నాటకం పేరులోని 'వర్తకుడు' కూడా అతను కాదు, ఆంటోనియో. అయినా మనసులో మిగిలేది అతనే. మొదటి అంకంలోనే అతనొక మాట పక్కకి తిరిగి చెప్పుకుంటాడు: ఆంటోనియో క్రైస్తవుడు కాబట్టి నాకు గిట్టడు, వడ్డీ లేకుండా అప్పులిచ్చి ఊళ్ళో రేటు పడగొడతాడు కాబట్టి ఇంకా గిట్టడు. ద్వేషం అతనిలోనూ ఉంది. కూతురు నగలు పట్టుకుపోయిందని తెలిశాక, అది నా కాళ్ళ దగ్గర చచ్చిపడి ఉంటే బాగుండు, నగలు చెవులకుంటే బాగుండు అంటాడు. హీరోవాదులు ఈ మాట మింగేస్తారు. విలన్‌వాదులు మింగేసేది ఇంకోటుంది. అప్పు అడగడానికి వచ్చిన ఆంటోనియోతో షైలాక్, 'నన్ను కుక్క అన్నావు, నా మీద ఉమ్మావు, ఇప్పుడు డబ్బు కావాలా' అంటే, ఆ పెద్దమనిషి సిగ్గుపడడు. మళ్ళీ అంటాను, మళ్ళీ ఉమ్ముతాను, స్నేహితుడికిచ్చినట్టు కాదు, శత్రువుకిచ్చినట్టు ఇయ్యి అంటాడు. ఇతనే నాటకంలోకెల్లా మంచివాడని అందరూ చెప్పుకునే మనిషి.

మేం రెండోసారి వేసినప్పుడు షైలాక్ పాత్రకి గడ్డం క్రేప్ హెయిర్‌తో, స్పిరిట్ గమ్‌తో అతికించాం. నా గడ్డం మీద ఉమ్మావు అనే డైలాగు దగ్గర ఆ కుర్రాడు భుజం మీది తువ్వాలుతో గడ్డం తుడుచుకున్నాడు. నేను చెప్పలేదు, వాడికే తోచింది. గమ్ ఆరక గడ్డం ఒక పక్క ఊడింది, డ్రెస్ రిహార్సల్ చూస్తున్న పిల్లలంతా గొల్లుమన్నారు. గడ్డం గట్టిగా అతికించి, ఆ తుడుచుకోవడం ఉంచేశాం. ప్రదర్శనలో మొదటి అంకంలో అలా తుడిచాడు. కోర్టులో బసానియో స్నేహితుడు గ్రేషియానో ఎగతాళి చేస్తుంటే అదే చోట మళ్ళీ తుడిచాడు. అప్పుడు అక్కడ ఏమీ లేదు, ఎవరూ ఉమ్మలేదు. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. ఆ కుర్రాణ్ణి తర్వాత ఎప్పుడో అడిగితే, మా నాన్న అద్దె ఇల్లు వెతుక్కున్నప్పుడు పేరు చెప్పగానే తలుపేసిన ఇళ్ళు గుర్తొచ్చాయి సార్ అన్నాడు. నేను ఆ పాత్ర గురించి ఇచ్చిన లెక్చర్లన్నిటికన్నా ఆ తువ్వాలు ఎక్కువ చెప్పింది.

'యూదుడికి కళ్ళు లేవా' అన్న ప్రసిద్ధమైన డైలాగుని మీ హీరోవాదులు తప్పకుండా ఎత్తుకుంటారు. అందరూ గుర్తుంచుకునేది గుచ్చితే రక్తం రాదా, కితకితలు పెడితే నవ్వమా అన్న భాగం. అది ఎలా మొదలైందో, ఎలా ముగిసిందో మర్చిపోతారు. ఆ మాంసం నీకెందుకయ్యా అని అడిగితే, చేపలకు ఎరగా వేస్తాను అనడంతో మొదలవుతుంది. మీరు నేర్పిన దుర్మార్గాన్నే నేను చేసి చూపిస్తాను, గురువుని మించుతాను అనడంతో ముగుస్తుంది. మానవత్వం మీద ప్రసంగంలా బయల్దేరి పగకి సమర్థనగా తేలుతుంది. రెండు కొసలూ ఉంచి చెప్పించండి. ఇంకొకటి, 'నా కూతురు! నా డకట్లు!' అని షైలాక్ వీధిలో అరిచాడని అందరం అనుకుంటాం. నాటకంలో అతని నోటి నుంచి ఆ మాటలు మనం వినం. ఆంటోనియో స్నేహితుడు సొలానియో అనేవాడు ఇంకో స్నేహితుడితో వెక్కిరిస్తూ చెప్పే కబురు అది. వీధిలో పిల్లలు వెంటపడి గేలి చేశారని కూడా వాళ్ళే నవ్వుతూ చెబుతారు. కూతురు పోయిన తండ్రిని మనం మొదట చూసేది అతన్ని అసహ్యించుకునేవాళ్ళ నోటిద్వారా. దాన్ని తీసి షైలాక్ చేతే అరిపించేస్తే ఈ పనితనం మొత్తం పోతుంది.

ఇప్పుడు ఉంగరాలు. మొత్తం మూడున్నాయి. పోర్షియా పెళ్ళినాడు బసానియోకి ఒకటి ఇస్తుంది. ఇది వేలు వదిలితే ప్రాణం పోయినట్టే అని అతను ఒట్టు పెట్టుకుంటాడు. నెరిస్సా తను పెళ్ళాడిన గ్రేషియానోకి ఒకటి ఇస్తుంది, వాడూ ఒట్టు పెట్టుకుంటాడు. మూడోది ఎవరికీ పెద్దగా గుర్తుండదు. కూతుర్ని వెతకడానికి జెనోవా దాకా వెళ్ళొచ్చిన తోటి యూదుడు ట్యూబల్, అక్కడ ఒకడు చూపించాడని చెబుతాడు: మీ అమ్మాయి కోతిని కొనుక్కుని దానికి బదులుగా ఈ ఉంగరం ఇచ్చిందట. షైలాక్ అంటాడు: అది నా ఫిరోజా రాయి, నా పెళ్ళికి ముందు లేయా ఇచ్చింది, అడవి నిండా కోతులిచ్చినా నేను దాన్ని ఇవ్వను. లేయా ఎవరో అంతకుముందు వినం, ఆ తర్వాత వినం. చనిపోయిన భార్య అని మనమే అర్థం చేసుకుంటాం. ఒక్క వాక్యంలో ఈ డబ్బు మనిషికి ఒకప్పటి పడుచుదనం, ప్రేమ, సంసారం అన్నీ వచ్చేస్తాయి. వెల కట్టలేని వస్తువొకటి ఉందని నాటకంలో తొణక్కుండా చెప్పేది ఇతనొక్కడే. మిగతా రెండు ఉంగరాల సంగతి చూద్దాం.

కోర్టులో షైలాక్ బాకీకి రెట్టింపు ఇస్తామన్నా వద్దంటాడు. 6,000 డకట్లలో ఒక్కో డకటూ ఆరు ముక్కలై, ముక్క ముక్కా డకటైనా తీసుకోను అంటాడు. లెక్కేస్తే 36,000. పిసినారి అని పేరుపడ్డవాడు వదులుకుంటున్న సొమ్ము అది. మాంసం, త్రాసు అనగానే మన ప్రేక్షకులకి శిబి చక్రవర్తి గుర్తొస్తాడు. పావురం కోసం తన తొడ తనే కోసి త్రాసులో వేసిన శిబికీ, ఎదుటివాడి గుండె దగ్గరి మాంసానికి త్రాసు పట్టుకొచ్చిన షైలాక్‌కీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. ఆంటోనియోని చూస్తే మాత్రం శిబి ఛాయ కొంచెం ఉంది. స్నేహితుడి కోసం ఛాతీ విప్పి నిలబడ్డాడు. అప్పుడు బసానియో కరిగిపోయి, నిన్ను బతికించడానికి నా ప్రాణం, నా భార్య, లోకమంతా ఈ పిశాచికి ఇచ్చేస్తానంటాడు. గ్రేషియానో కూడా వంత పాడతాడు, నా పెళ్ళాం చచ్చి స్వర్గానికెళ్ళి ఇతని మనసు మార్చేలా దేవుణ్ణి అడిగితే బాగుండు అని. ఇద్దరి పెళ్ళాలూ మగవేషాల్లో అక్కడే నిలబడి వింటున్నారు! హాలు నవ్వుతుంది. ఆ నవ్వులోంచే షైలాక్, క్రైస్తవ మొగుళ్ళంటే వీళ్ళు, నా కూతురు ఎలాంటివాడి పాలబడిందో అనుకుంటాడు. ఆ మాట గట్టిగా చెప్పించకండి.

తర్వాత దయ. దయ అనేది బలవంతంగా పిండేది కాదు, వానలా తనంత తాను కురిసేది అని పోర్షియా చెప్పిన మాటల్ని మా తరం బళ్ళో బట్టీ పట్టింది. కాసేపటికి ఆ వాన షైలాక్ మీద ఎలా కురిసిందో చూడండి. పరాయివాడు వెనిస్ పౌరుడి ప్రాణం తీయజూస్తే సగం ఆస్తి ఆ పౌరుడికి, సగం ఖజానాకి, ప్రాణం వెనిస్ పాలకుడైన డ్యూక్ దయకి అని ఒక చట్టం పైకి తీస్తుంది. తను కాపురముంటున్న ఊళ్ళోనే అతను చట్టం దృష్టిలో పరాయివాడని అప్పుడు తెలుస్తుంది. డ్యూక్ ప్రాణం వదిలేస్తాడు. ఆంటోనియో రెండు షరతులు పెడతాడు: ఆస్తి తర్వాత లొరెంజోకీ జెస్సికాకీ వెళ్ళాలి, షైలాక్ ఇప్పటికిప్పుడే క్రైస్తవుడు కావాలి. ఆనాటి లండన్ ప్రేక్షకుడికి ఇది ఉపకారంగానే తోచి ఉండొచ్చు, ఆత్మ నరకం తప్పించుకుంది కాబట్టి. మనకి గొంతు పట్టేస్తుంది. షైలాక్ జవాబు ఇంగ్లీషులో మూడే మాటలు, సమ్మతమే అని. తర్వాత ఒంట్లో బాగాలేదు, కాగితం ఇంటికి పంపండి, సంతకం పెడతాను అంటాడు. అంతే, మళ్ళీ కనిపించడు.

ఇక్కడ తెర దించాలన్న కోరిక మీకొక్కరికే కలిగింది కాదు. పంతొమ్మిదో శతాబ్దపు పెద్ద నటులు చాలామంది ఇక్కడే దించేసేవారు. షైలాక్ వేసేది వాళ్ళే, ఐదో అంకంలో వాళ్ళకి పాత్ర లేదు మరి. 1814లో ఎడ్మండ్ కీన్ షైలాక్‌కి కోపంతో పాటు గౌరవం తెచ్చాడు, 1879లో హెన్రీ ఇర్వింగ్ అతన్ని గాయపడిన పెద్దమనిషిని చేశాడు. మరో కొస కూడా ఉంది. 1943లో నాజీల ఏలుబడిలోని వియన్నాలో ఇదే నాటకాన్ని యూదులంటే అసహ్యం పుట్టించడానికి వేశారు. ఏ వాక్యం ఉంచారు, ఏది కోశారు అన్నదాన్నిబట్టి ఇది ఎటైనా తిరిగే నాటకం. కత్తెర పట్టేముందు అది గుర్తుంచుకోండి.

కోర్టు బయట లాయరు వేషంలోని పోర్షియా ఫీజుగా ఆ ఉంగరమే అడుగుతుంది. బసానియో మొదట ఇవ్వనంటాడు. అప్పుడు ఆంటోనియో, నీ భార్య ఆజ్ఞ ఒకవైపు, నా ప్రేమ ఒకవైపు పెట్టి తూచుకో అంటాడు. మళ్ళీ త్రాసే! ఉంగరం వెళ్ళిపోతుంది. గ్రేషియానో ఉంగరం కూడా అంతే. దుష్యంతుడి ఉంగరం నీళ్ళలో జారి పోయింది, శాపం అని చెప్పుకోడానికి ఉంది. వీళ్ళకి ఏ శాపమూ లేదు.

ఐదో అంకం వెన్నెల్లో మొదలవుతుంది. లొరెంజో, జెస్సికా 'ఇలాంటి రాత్రే' అంటూ పాత ప్రేమికుల్ని తలచుకుంటారు. ట్రాయిలస్, థిస్బీ, డైడో, మెడియా. ఒక్క జంటా సుఖపడింది కాదు. మోసపోయినవాళ్ళూ చచ్చినవాళ్ళూ. ముద్దుగా సరసమాడుతూనే ఆ పేర్ల చివర తమ పేర్లు కూడా చేరుస్తారు. తర్వాత మొగుళ్ళిద్దరూ వస్తారు, ఉంగరాలేవని నిలదీత మొదలవుతుంది. ఇది చాలా నవ్వొచ్చే సీను, మైకుసెట్టు అతను అడిగింది ఇదే. నవ్వు మధ్యలో ఆంటోనియో ముందుకొస్తాడు. ఒకసారి ఇతని కోసం నా శరీరాన్ని తాకట్టు పెట్టాను, ఇప్పుడు నా ఆత్మనే హామీ పెడతాను, ఇక మాట తప్పడు అంటాడు. మాంసంతో అయిన తాకట్టు ఆత్మ దాకా వచ్చింది. పోర్షియా ఉంగరాన్ని ఆంటోనియో చేతికే ఇచ్చి, నువ్వే తొడుగు అంటుంది. మొగుణ్ణి దక్కించుకోవడం, స్నేహితుణ్ణి సాక్షిగా నిలబెట్టి పక్కకి తప్పించడం, రెండూ ఆ ఒక్క కదలికలో అయిపోతాయి. ఆమె కోర్టులో గెలిచినదానికన్నా ఇది పెద్ద గెలుపు. ఇంతసేపూ ఎవరి నమ్మకం ఎంత తూగుతుందో షైలాక్ కేసు తేల్చలేదు, ఇక్కడ తేలింది. దాని పక్కన ఆ ఫిరోజా రాయి మాట గుర్తున్నవాడికి నవ్వు సగంలో ఆగుతుంది.

టైము గురించి. షైలాక్ నౌకరు లాన్సెలాట్, వాళ్ళ నాన్న ముసలి గోబో మధ్య సరసం మొత్తం తీసేయండి, తెలుగులో అది పండదు. వెక్కిరించే స్నేహితులిద్దర్నీ ఒక్కణ్ణి చేయండి. వెండిపెట్టె తెరిచే ఆరగాన్ యువరాజుని రెండు నిమిషాలకి కుదించండి. రెండు గంటల లోపు ఐదంకాలూ వస్తాయి, మేం గంటా యాభైలో దించాం.

చివరగా జెస్సికా పాత్రధారిణికి చెప్పాల్సింది. ఆమె బెల్మాంట్ రాగానే గ్రేషియానో 'లొరెంజో, అతని అవిశ్వాసి' అని పలకరిస్తాడు. ఇంటి యజమానురాలు ఆమెతో పట్టుమని పది మాటలు మాట్లాడదు. ఐదో అంకంలో జెస్సికా ఆఖరి మాట, మధురమైన సంగీతం వింటే నాకు ఎప్పుడూ ఉల్లాసం కలగదు అని. ఆ తర్వాత నాటకం అయ్యేదాకా నోరు విప్పదు. తండ్రి సంతకం పెట్టిన కాగితం నెరిస్సా తెచ్చిచ్చినప్పుడు లొరెంజో సంబరపడి, ఆకలితో ఉన్నవాళ్ళ దారిలో మన్నా కురిపించారు అంటాడు. ఎడారిలో యూదులకి దేవుడు కురిపించిన ఆహారం పేరు అది. మేం మూడోసారి వేసినప్పుడు ఆ కాగితాన్ని లొరెంజో చేతిలోంచి జెస్సికా తీసుకుని సంతకం దగ్గర వేలు పెట్టి చూసేలా చేశాం. మిగతావాళ్ళు నవ్వుకుంటూ జంటలుగా లోపలికి వెళ్తారు, జత లేని ఆంటోనియో ఒక పక్కన ఆగుతాడు, ఆమె ఇంకో పక్కన కాగితంతో ఉంటుంది. తెర తాడు పట్టుకునే కుర్రాడికి మాత్రం ముందే చెప్పండి, గ్రేషియానో ఉంగరం జోకుకి నవ్వు రాగానే దించేస్తాడు. పది అంకెలు లెక్కపెట్టి దించమనండి.